ఆఖర్న ఆరే గీత: చీమకుర్తి గ్రానైట్ యూనిట్‌లో మూడు బ్యాచ్‌ల ప్రాజెక్టు

నేపథ్యం

ఒంగోలు చుట్టుపక్కల ఒక ఇంజినీరింగ్ కాలేజీలో నేను పాఠాలు చెబుతాను. ఫైనలియర్ ప్రాజెక్టులకు కంపెనీలను వెతికిపెట్టే పని కూడా నా నెత్తినే ఉంది. ఆర్డరు కాగితంలో ఆ హోదాకు పొడవైన పేరుంది గానీ, నిజానికది పెళ్లిళ్ల పేరయ్య పని. పిల్లల దగ్గర కంపెనీ గురించి, కంపెనీ దగ్గర పిల్లల గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి. ఆ తర్వాత కాపురం ఎలా సాగిందని ఎవరూ అడగరు. ఈ కేసులో అడగాల్సి వచ్చింది కాబట్టి రాస్తున్నాను. యూనిట్‌ను, మనుషులను గుర్తుపట్టే వివరాలు తీసేశాను, కొన్ని మార్చాను.

కర్నూలు రోడ్డు పట్టుకుని ఒంగోలు నుంచి పడమరకు వెళ్తే చీమకుర్తి. బ్లాక్ గెలాక్సీ గ్రానైట్‌కు ఊరు అదే. నల్లరాతిలో బంగారు రజను చల్లినట్టు మెరిసే చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజానివి. మా పిల్లల్లో చాలామంది ఆ రోడ్డు మీద బ్లాకుల లారీల వెనక బస్సులో నిదానంగా కదులుతూ కాలేజీకి వచ్చినవాళ్లే. అయినా కటింగ్ ఫ్యాక్టరీ లోపల అడుగు పెట్టినవాళ్లు క్లాసుకు ఇద్దరు ముగ్గురు ఉంటే గొప్ప. ఫ్యాక్టరీల వాళ్లకూ అంతే, కాలేజీ అంటే పిల్లల ఫీజు కట్టే చోటు.

అలాగని ఒప్పందాలకు కొదవ లేదు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు ఎంఓయూలు ఎన్ని, వాటి కింద ఏం జరిగింది అని అడుగుతారు. అందుకని ఏటా కొన్ని సంతకాలు అవుతాయి. ఫ్లెక్సీ, శాలువా, ఫొటో. రెండో ఏడు ఆ ఫైలు తెరిస్తే ఫొటో తప్ప మరేమీ కనిపించదు. గ్రానైట్‌కు సంబంధించి మా దగ్గర ఏటా తప్పకుండా జరిగే ప్రాజెక్టు ఒకటుంది. సివిల్ బ్రాంచిలో ఒక బ్యాచ్ గ్రానైట్ పొడి తెచ్చి, కాంక్రీటులో ఇసుకకు బదులు కొంత కలిపి, క్యూబులు పోసి నలగ్గొడుతుంది. మంచి పనే. కానీ పొడి ఇచ్చిన ఫ్యాక్టరీకి ఆ ఫలితం చేరిన దాఖలా నేను చూడలేదు.

వచ్చిన సమస్య

ఈ యూనిట్ మధ్యస్థమైనది. బ్లాకులను శ్లాబులుగా (పెద్ద పలకలుగా) కోసే గ్యాంగ్‌సా ఒకటి, ఒక లైన్ పాలిషర్, గ్యాంట్రీ క్రేన్. యజమాని నలభైల్లో ఉన్న మనిషి, మాట సూటి. కంటైనర్ అవతలి దేశం చేరాక కొన్ని శ్లాబుల్లో సన్నటి పగుళ్లు బయటపడుతున్నాయి, కొన్నవాడు డబ్బు కోస్తున్నాడు. ఇదీ ఆయన బాధ.

"సార్, ఏఐ కెమెరా ఏదో పెడితే పగుళ్లు పట్టేస్తుందంట గదా. మీ పిల్లల చేత చేయించండి. ఖర్చు నాది" అన్నాడు.

నేను అక్కడే, టీ గ్లాసు పక్కన పెట్టి, డైరీలో టైటిల్ రాసుకున్నాను. డీప్ లెర్నింగ్ ఆధారంగా గ్రానైట్ పగుళ్ల గుర్తింపు. డీప్ లెర్నింగ్ అంటే బోలెడు ఫొటోలు చూపించి కంప్యూటర్‌కు నేర్పే ఏఐ పద్ధతి. అప్పటికి మా డిపార్ట్‌మెంట్‌లో టైటిళ్లు ఇవ్వడానికి వారం గడువుంది. టైటిల్లో ఏఐ ఉంటే హెచ్‌ఓడీకి, పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు కూడా సంతోషం. యజమాని అడిగిందీ అదే. అందరూ ఒప్పుకున్న టైటిల్ మీద నాకు అనుమానం రాలేదు. ఈ కేసులో నేను చేసిన పెద్ద తప్పు అదే.

ఎందుకు తప్పో తెలియాలంటే రాయి నడిచే దారి కొంచెం తెలియాలి. క్వారీ నుంచి వచ్చిన బ్లాకును ట్రాలీ మీద గ్యాంగ్‌సా కిందికి తోస్తారు. పక్కపక్కనే బిగించిన ఉక్కు పట్టీలు ముందుకూ వెనక్కూ ఊగుతుంటే, పైనుంచి నీళ్లు, సున్నం, ఉక్కు రవ్వ కలిపిన స్లరీ పోస్తూ ఉంటారు. బ్లాకు పూర్తిగా కోయడానికి రోజులు పడుతుంది. ఊడి వచ్చిన శ్లాబులు గరుగ్గా, బూడిద రంగులో ఉంటాయి, చూస్తే గెలాక్సీ అని ఎవరూ అనుకోరు. వాటిని కడిగి, ఆరబెట్టి, అవసరమైన వాటికి రెజిన్ (సందులు పూడ్చే జిగురు) పట్టించి, పాలిష్‌కు పంపుతారు. పాలిష్ అయ్యాక చివరి చెకింగ్. యజమాని కెమెరా పెట్టమన్నది ఆ చివరి చోట.

మొదటి బ్యాచ్

2022-23లో నలుగురు పిల్లలు, ముగ్గురు సీఎస్ఈ, ఒకరు ఈసీఈ. చురుకైనవాళ్లే. డిసెంబరులో ఒకసారి వెళ్లి పాలిష్ అయిన శ్లాబులను ఫోన్లతో ఫొటోలు తీసుకొచ్చారు. ల్యాబ్‌లో కూర్చుని ఆ ఫొటోలను చిన్న చిన్న ముక్కలు చేసి, పగులున్నవి, లేనివి అని వేరు చేసి, మోడల్‌కు నేర్పారు. రివ్యూలో నూటికి తొంభై అయిదుకు పైనే కచ్చితత్వం చూపించారు. నేను కూడా చప్పట్లు కొట్టాను.

మార్చిలో ల్యాప్‌టాప్ తీసుకుని ఫ్యాక్టరీకి వెళ్లాం. పాలిష్ అయిన నల్లరాయి అద్దంతో సమానం. కెమెరాకు రాయి కనపడలేదు. పైనున్న ట్యూబ్‌లైట్లు, గ్యాంట్రీ దూలం, మా ఈసీఈ అబ్బాయి గళ్ల చొక్కా కనపడ్డాయి. చొక్కా గళ్లన్నిటినీ మోడల్ పగుళ్ల కింద లెక్కేసింది. యజమాని నవ్వలేదు, అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను. "సరే సార్, చూద్దాం" అని లోపలికి వెళ్లిపోయాడు. తర్వాత కొన్ని వారాలు ఫోనెత్తలేదు.

ఏప్రిల్లో వైవా జరిగింది. పిల్లలకు మంచి మార్కులు వచ్చాయి.

మార్కులు, ఫలితం ఇంత దూరంగా ఎందుకున్నాయని ఆ వేసవిలో ఆ ఫైళ్లన్నీ ముందేసుకుని చూశాను. తొంభై అయిదు శాతం ఎలా వచ్చిందో ముందు తేలింది. ఒకే శ్లాబు ఫొటోను ముక్కలు చేసి, కొన్ని ముక్కలు నేర్పడానికి, కొన్ని పరీక్షకు వాడారు. అంటే పాఠం చెప్పిన పేజీ నుంచే ప్రశ్న వచ్చింది. కొత్త శ్లాబు ఎదురయ్యేసరికి చేతులెత్తేసింది. ఇది గైడుగా నేను పట్టుకోవాల్సిన తప్పు. రెండోది అంతకంటే లోతైనది. ఏది పగులో, ఏది రాతిలో సహజంగా ఉండే గీతో తేల్చింది పిల్లలే, అదీ ఫొటో చూసి. ఆ యూనిట్‌లో రోజూ ఆ పని చేసే మనిషి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. అడిగేంత సేపు అక్కడ లేరు కూడా, ఏడాది మొత్తం మీద అయిదుసార్లు వెళ్లారు, అందులో ఒకసారి కరెంటు లేదు.

నిలబడని మరమ్మతులు

మొదటి బ్యాచ్ నడుస్తుండగానే నేను వేసి చూసినవి కాగితం మందులు. యూనిట్ మేనేజర్‌ను ఇండస్ట్రీ మెంటార్‌గా రాయించుకున్నాను. పదిహేను రోజులకోసారి గూగుల్ మీట్ పెట్టాం. ఆయన వేబ్రిడ్జి దగ్గర నిలబడి, మైకు ఆపేసి, లారీ డ్రైవర్‌తో మాట్లాడుతుంటే మేం ఆయన ముఖం చూస్తూ కూర్చునేవాళ్లం. లాగ్‌బుక్కులో సంతకాలన్నీ ఒకే రోజు ఒకే పెన్నుతో అయ్యాయి. యజమానిని కాలేజీకి పిలిచి గెస్ట్ లెక్చర్ ఇప్పించాం. బాగా మాట్లాడాడు, కానీ దానివల్ల ప్రాజెక్టు అంగుళం కదల్లేదు. ఇవన్నీ ఎందుకు పనిచేయలేదంటే, ఇవి కంపెనీ వాళ్లను మా క్యాలెండర్‌లోకి లాగే ప్రయత్నాలు. వాళ్ల పని షెడ్డులో ఉంది. వెళ్లాల్సింది మేము.

రెండో బ్యాచ్: టైటిల్ లేకుండా

మా బీటెక్ నియమావళి ఆర్20 రెగ్యులేషన్‌లో మూడో ఏడాది అయ్యాక రెండు నెలల వేసవి ఇంటర్న్‌షిప్ తప్పనిసరి, దాని మార్కులు ఏడో సెమిస్టర్లో పడతాయి. చాలామంది పిల్లలు ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్ సర్టిఫికెట్ ఒకటి తెచ్చి ఆ గడి నింపేస్తారు. నాకది ఉచితంగా దొరికిన రెండు నెలలుగా కనపడింది. ఆ వేసవి ఇంటర్న్‌షిప్, ఆ తర్వాతి ఫైనలియర్ ప్రాజెక్టు ఒకే నలుగురు, ఒకే యూనిట్‌లో చేస్తారు. జులై దాకా టైటిల్ ఉండదు. ఇదీ నా ప్రతిపాదన.

డిపార్ట్‌మెంట్‌లో అభ్యంతరం వచ్చింది. టైటిల్ లేకుండా గైడును ఎలా కేటాయిస్తాం, ఏ బ్రాంచి కింద వేస్తాం అన్నారు. సబబైన ప్రశ్నలే. గైడుగా నా పేరే రాయమన్నాను, బ్రాంచి సంగతి తర్వాత చూద్దామన్నాను. ఒక్క బ్యాచ్‌కే అని అనుమతి వచ్చింది. ఎక్కువ బ్యాచ్‌లు అడిగి ఉంటే అదీ వచ్చేది కాదు.

యజమానిని ఒప్పించడం ఇంకా కష్టమైంది. ఆయన భయం పిల్లలు పనికి అడ్డం వస్తారని కాదు, దెబ్బలు తగులుతాయని. ఇరవై మిల్లీమీటర్ల గెలాక్సీ శ్లాబు చదరపు మీటరుకు దాదాపు 60 కిలోలు ఉంటుంది. ఏ-ఫ్రేమ్‌కు ఆనించిన పెద్ద శ్లాబు ఒక్కటే మూడు వందల కిలోలు. అది ఒరిగితే ఆపేవాడు ఉండడు. అందుకని ఎంఓయూ పక్కన పెట్టి, తెలుగులో ఒక పేజీ ఉత్తరం రాసుకున్నాం. పిల్లలు ఎక్కడ నిలబడవచ్చు, ఎక్కడ నిలబడకూడదు, ఫ్రేముల మధ్య నడవకూడదు, క్రేన్ కదిలేటప్పుడు పసుపు గీత దాటకూడదు. కొనేవాళ్ల పేర్లు, రేట్లు అడగకూడదు. బ్లాకు నంబరు ఉన్న ఫొటో బయటికి పోకూడదు. మధ్యాహ్నం భోజనం యూనిట్‌ది. బస్సు చార్జీలు కాలేజీవి, వీటి కోసం నేను అకౌంట్స్ సెక్షన్‌తో పడిన తగువు వేరే కేస్ స్టడీ అవుతుంది.

2023 మేలో నలుగురూ వెళ్లారు. వాళ్లకు నేనిచ్చిన పని ఒకటే. మూడు వారాలు ఏమీ తయారు చేయొద్దు, రాయి వెనకాల నడవండి, చూసింది రోజూ రాయండి.

రెండో వారంలో ఒకమ్మాయి రాసిన నోట్సు ఈ కేసును మలుపు తిప్పింది. చెకింగ్ చేసే పెద్దాయన కడుగుడు తొట్టి దగ్గర శ్లాబు మీద పైపుతో నీళ్లు కొట్టించి, వెంటనే చూడకుండా, పక్కకెళ్లి టీ తాగుతున్నాడు. తర్వాత వచ్చి, అర నిమిషంలో మూడు చోట్ల పసుపు చాక్‌తో గీతలు గీసి వెళ్తున్నాడు. ఆమె అడిగింది.

"బాబాయ్, నీళ్లు కొట్టగానే చూడొచ్చు కదా, ఎందుకు ఆగుతావు?"

"తడి మీద ఏం కనపడుద్దమ్మా, అంతా నల్లగానే ఉంటది. ఎండినాక అంతా తెల్లగానే ఉంటది. ఆరేటప్పుడు చూడాల. పగులుంటే అది ఆఖర్న ఆరుద్ది."

ఫిజిక్స్‌లో మేం చెప్పే కేశనాళికీయత ఇదే. శ్లాబు పైతలం ఆరిపోతున్నా సన్నటి పగులు తన లోపలి నీటిని పట్టుకుని ఉంటుంది. ఒకటి రెండు నిమిషాల సేపు బూడిద రంగు మీద నల్లటి దారంలా కనిపిస్తుంది. ఆ తర్వాత అదీ మాయం. మొదటి బ్యాచ్ ఏడాదంతా వెతికిన గీత, అక్కడ రోజుకు పదుల సార్లు తనంతట తాను కనిపించి పోతోంది. అదీ పాలిష్‌కు ముందే, రెజిన్, కరెంటు, కూలీ ఏదీ ఖర్చు కాకముందే.

మరి పెద్దాయనకు ఇంత తెలిసినప్పుడు పగిలిన శ్లాబులు ఎలా దాటిపోతున్నాయి? దానికీ జవాబు నోట్సులోనే ఉంది. ఆయన ఉండేది పగటి షిఫ్టులో. రాత్రి కడిగిన శ్లాబులు పొద్దునకు పూర్తిగా ఆరి, తెల్లగా వరసలో నిలబడి ఉంటాయి. అన్నిటినీ మళ్లీ తడపడానికి టైము ఉండదు.

అంటే కెమెరా అవసరమే, కానీ యజమాని అనుకున్న చోట కాదు, అనుకున్న పనికీ కాదు. జులైలో టైటిల్ రాశాం.

పెద్దాయన్ని ఇందులోకి ఎలా తేవాలన్నది సున్నితమైన విషయం. కెమెరా వస్తే తన పని పోతుందని ఆయనకు అనుమానం, మొదటి బ్యాచ్ వచ్చినప్పుడు దగ్గరికి రాకపోవడానికి కారణం అదేనని తర్వాత తెలిసింది. యజమానితో ముందుగా మాట్లాడి, పెద్దాయన ఎదురుగానే చెప్పించాను. కెమెరా రాత్రికి, పెద్దాయన పగటికి. తుది మాట ఆయనదే. మా రెండో రివ్యూ కాలేజీలో కాకుండా తొట్టి దగ్గరే పెట్టి, తెలుగులోనే నడిపి, ఆయన్ని పరీక్ష చేసేవాడిగా కూర్చోబెట్టాం. పిల్లలు పీపీటీ లేకుండా మాట్లాడాల్సి వచ్చింది. ఆ రోజు వాళ్లు చెమటలు కక్కినట్టు ఏ ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే పరీక్షకుడు) ముందూ కక్కలేదు.

పద్ధతి చాలా సాదాగా ఉంటుంది. స్తంభానికి బిగించిన ఒక కెమెరా, పక్కనుంచి పడే ఎల్ఈడీ పట్టీ వెలుతురు. నీళ్లు ఆపగానే కొన్ని సెకన్లకొకటి చొప్పున ఫొటోలు. ప్రతి చోటూ ఎప్పుడు ఆరిందో కంప్యూటర్ లెక్కేస్తుంది, చుట్టుపక్కల కంటే ఆలస్యంగా ఆరిన సన్నటి గీతలను ఎర్రగా చూపిస్తుంది. డీప్ లెర్నింగ్ అక్కర్లేకపోయింది. పిల్లలు దీనికి కొంచెం బాధపడ్డారు.

వేసవి ఎండలో తీసిన లెక్కలతో సెట్ చేసిన ఈ యంత్రం నవంబరులో తడబడింది, డిసెంబరులో పూర్తిగా చేతులెత్తేసింది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ వారమంతా గాలిలోనే నీళ్లు, శ్లాబు గంటైనా ఆరలేదు. పిల్లలు వేసవిలో కొలిచి పెట్టిన సెకన్ల లెక్క అప్పుడు ఎందుకూ పనికిరాలేదు. ప్రాజెక్టు జనవరిలో మొదలై ఏప్రిల్లో అయిపోయి ఉంటే ఈ సంగతి మాకు తెలిసేదే కాదు, వానాకాలంలో యజమానికి తెలిసేది. రెండు మార్పులు చేశారు. సెకన్లు వదిలేసి, శ్లాబులో సగం ఆరడానికి పట్టిన టైమును కొలబద్దగా తీసుకున్నారు. ఒక పెడెస్టల్ ఫ్యాన్ తెచ్చి పెట్టారు. ఫ్యాన్ సలహా పెద్దాయనది.

ఏప్రిల్ వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగిన మొదటి ప్రశ్న, "ఇందులో ఏఐ ఎక్కడుంది?" ఈ బ్యాచ్‌కు మొదటి బ్యాచ్ కంటే తక్కువ మార్కులు వచ్చాయి. దీనికి నా దగ్గర మందు లేదు.

మూడో బ్యాచ్

పిల్లలు వెళ్లిపోయిన మూడు వారాలకు యంత్రం ఆగిపోయింది. చెడిపోలేదు. తొట్టి దగ్గర లేచే స్లరీ తుంపర లెన్సు మీద పేరుకుని, ఫొటోలన్నీ మంచు పట్టినట్టు వస్తున్నాయి. రోజూ తుడిచే పని ఆ బ్యాచ్‌లో ఒకబ్బాయిది, అది రిపోర్టులో ఎక్కడా రాయలేదు. 2024-25 బ్యాచ్ వేసవిలో వెళ్లి చేసిన మొదటి పని లెన్సుకు రేకు గూడు కట్టడం, తుడిచే పనిని నీళ్లు కొట్టే కుర్రాడి డ్యూటీలో కలిపించడం. దానికి అతనికి నెలకు కొంత అదనం ఇవ్వాల్సి వచ్చింది, యజమాని మారుమాట లేకుండా ఇచ్చాడు. ఆ డబ్బు ఇచ్చిన రోజు నుంచే ఆ యంత్రాన్ని ఆయన "మాది" అనడం మొదలుపెట్టాడని నా అభిప్రాయం. అంతవరకు అది "మీ పిల్లలది".

ఈ బ్యాచ్ ఇంకో పని కూడా చేసింది, మేం ఊహించనిది. గీతల ఫొటోలను బ్లాకు నంబరు వారీగా, శ్లాబులు కోసిన వరసలో పేర్చింది. బ్లాకులో పగులు ఒక పలకలా వాలి ఉంటుంది కాబట్టి, పక్కపక్క శ్లాబుల్లో అదే గీత కొద్దికొద్దిగా జరుగుతూ వస్తుంది. నాలుగు శ్లాబులు చూస్తే అయిదోదానిలో ఎక్కడ వస్తుందో చెప్పొచ్చు. పెద్దాయనకు ఇదీ తెలుసు, కానీ ఆయన తలలో ఉన్నదాన్ని చూపించి క్వారీ వాడితో బేరం ఆడలేం. ఫొటోల వరస చూపించి ఆడొచ్చు. ఇప్పుడు పగులు కనిపించిన శ్లాబును పాలిష్‌కు పంపకుండా, గీతను తప్పించి చిన్న సైజులకు కోస్తున్నారు. కంటైనర్ ఫిర్యాదులు పూర్తిగా ఆగలేదు, తగ్గాయని యజమాని అంటాడు. కచ్చితమైన లెక్క ఆయన ఇవ్వలేదు, ఉత్తరంలో రాసుకున్న మాట ప్రకారం నేను అడగలేదు.

ఒక గొడవ మాత్రం పెట్టుకున్నాం. మా సహోద్యోగి ఒకరు దీన్ని జర్నల్ పేపర్ చేద్దామన్నారు. యజమాని ససేమిరా అన్నాడు, తన శ్లాబుల్లో ఇన్ని పగుళ్లున్నాయని కొనేవాళ్లకు తానే చాటింపు వేసుకోవాలా అని. ఇద్దరిదీ న్యాయమే. ఫ్యాక్టరీ చెత్తలోంచి పనికిరాని ముక్కలు తెచ్చుకుని, కాలేజీ ల్యాబ్‌లో మళ్లీ తడిపి, ఆరబెట్టి, ఆ ఫలితాలతోనే పేపర్ రాసేలా రాజీ కుదిరింది. మూడు నెలలు ఆలస్యమైంది. కానీ ఫ్యాక్టరీ గేటు మూసుకుపోలేదు.

నేర్చుకున్నవి

సమస్యను ఏసీ గదిలో అడిగితే పరిష్కారం పేరు చెబుతారు. యజమాని అబద్ధం చెప్పలేదు, తాను విన్న మందు పేరు చెప్పాడు. రోగం తొట్టి దగ్గర ఉంది. అక్కడ మూడు వారాలు ఊరికే నిలబడటానికి పిల్లలకు మార్కులు ఇచ్చే ఏర్పాటు మన రెగ్యులేషన్‌లో ఇప్పటికే ఉంది, వేసవి ఇంటర్న్‌షిప్ రూపంలో. దాన్ని వాడుకోకపోవడం మన తప్పు.

ఒక బ్యాచ్‌తో పని పూర్తవ్వాలని పట్టుబట్టకూడదన్నది నాకు ఆలస్యంగా తెలిసింది. మా సెమిస్టర్ నాలుగు నెలలు, రాయికి ఏడాది పొడవునా రుతువులున్నాయి. ఇప్పుడు ఏప్రిల్లో వెళ్లిపోయేవాళ్లు, మేలో వచ్చేవాళ్లు ఒక వారం కలిసి పనిచేయాలన్నది మా నియమం. రిపోర్టు చివర ఒక పేజీ ఉంటుంది, "రోజూ ఎవరు ఏం తుడవాలి" అని. ఎక్స్‌టర్నల్స్ ఎవరూ ఆ పేజీ తిప్పరు. తర్వాతి బ్యాచ్ మాత్రం ముందు అదే చదువుతుంది.

ఇదే పద్ధతి ఇంకో మూడు యూనిట్లలో పెట్టమని పైనుంచి అడుగుతున్నారు. నేనింకా ఒప్పుకోలేదు. ఒక గైడు వారానికి ఒకసారైనా షెడ్డుకు వెళ్లాలి, మా దగ్గర అలా వెళ్లేవాళ్లం ఇద్దరమే. మూడు చోట్ల సగం సగం చేస్తే మళ్లీ ఫ్లెక్సీ, శాలువా దగ్గరికే వస్తాం.

ఈ వేసవికి వెళ్లే నలుగురి పేర్లు ఫిబ్రవరిలోనే యూనిట్‌కు పంపాం. ఇద్దరు మెకానికల్, ఒకరు సీఎస్ఈ, ఒకరు సివిల్. డిపార్ట్‌మెంట్ ఫారంలో టైటిల్ గడి ఖాళీగా ఉంది. ఆఫీసు గుమాస్తా రెండుసార్లు ఫోన్ చేశాడు, జులైలో రాస్తామని చెప్పాను.